టెక్ సందేహాలు: కవర్ ఫొటోను ఏఐతో సాగదీయొచ్చా?

ప్రశ్న: నేను గ్రాఫిక్ డిజైనర్‌ని. ఒక పర్యాటక మాసపత్రిక ముఖచిత్రాన్ని కొత్తగా డిజైన్ చేసే పని వచ్చింది. వాళ్లిచ్చిన గండికోట ఫొటో అడ్డంగా ఉంది, కవరేమో నిలువు. ఫొటోషాప్‌లో ఏఐతో ఫొటో అంచుల్ని పెంచే జనరేటివ్ ఎక్స్‌పాండ్‌తో పైనా కిందా పెంచేయొచ్చా?

జవాబు: పెంచే ముందు కత్తిరించి చూడండి. ఏ4 కవర్ 210×297 మిల్లీమీటర్లు. నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (ప్రింటయ్యాక కత్తిరించేసే అదనపు అంచు) కలిపితే 216×303. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన సుమారు 2551×3579 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరాతో అడ్డంగా తీసిన ఫొటో 6000×4000 ఉంటుంది. అందులోంచి నిలువు ముక్క తీసినా 2850×4000 దాకా వస్తుంది, ఇంకా మిగులే. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫొటో అయితే అంగుళానికి 250 పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది. పదును బాగుంటే అదీ నడుస్తుంది. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా వచ్చి ఉంటే మాత్రం అది కుదించిన కాపీ. డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.

కత్తిరిస్తే లోయ వెడల్పు పోతుంది, నిజమే. ముందు అట్ట నుంచి వెనక అట్ట దాకా ఒకే ఫొటో పరిస్తే ఆ బాధ తీరుతుంది. కానీ వెనక అట్ట ప్రకటనల ఆదాయం, దాన్ని వదులుకునే యాజమాన్యం అరుదు.

ఇక ఏఐ సంగతి. ఫొటోషాప్ పుట్టకముందే ఈ తగువు ఉంది. నేషనల్ జియోగ్రాఫిక్ 1982 ఫిబ్రవరి సంచిక కవర్ కోసం గిజా పిరమిడ్ల అడ్డం ఫొటోను నిలువులో ఇమిడ్చేందుకు, కంప్యూటర్‌తో పిరమిడ్లను దగ్గరికి జరిపారు. పెద్ద దుమారమే రేగింది. అది తప్పేనని ఆ పత్రికే తర్వాత ఒప్పుకుంది. పర్యాటక పత్రిక కవర్ చూసి మనిషి బస్సెక్కుతాడు. పెన్నా ఒడ్డున ఏఐ కల్పించిన రాళ్లు అక్కడికెళ్తే కనిపించవు. మాస్ట్‌హెడ్ (కవర్ మీది పత్రిక పేరు) పట్టేందుకు పైన ఖాళీ ఆకాశాన్ని కొంచెం పెంచితే నాకు అభ్యంతరం లేదు. అదైనా ఎడిటర్‌కీ ఫొటోగ్రాఫర్‌కీ చెప్పి చేయండి. కిందివైపు మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ చోటు కావాలంటే ఒక రంగు పట్టీ వేసి శీర్షికలు దాని మీద పెట్టండి.

ప్రశ్న: కవర్ మీద తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబి వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ఇలాంటి ఆప్షనే ఉండేది. మీది పాతదైతే అది మార్చాక ఫొటోషాప్‌ను ఒకసారి మూసి తెరవండి. ఫాంట్ యూనికోడ్‌ది అయి ఉండాలి. రామభద్ర, మండలి, సూరన్న వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇన్‌డిజైన్‌కి డబ్బు పెట్టలేకపోతే అలాంటి పనే చేసే స్క్రైబస్ 1.6 చూడండి, ఉచితమే, ప్రెస్‌కి పంపే పీడీఎఫ్ కూడా ఇస్తుంది.

పత్రిక పేరు వెనక్కి వెళ్లి కొండ శిఖరం దాని మీదికి వచ్చే డిజైన్ ఇంగ్లిష్ పత్రికల్లో మామూలే. ‘టి’ అక్షరం సగం దాగినా చదివేస్తారు. తెలుగులో గుడి దాగితే ‘కి’ కాస్తా ‘క’ అయిపోతుంది, వత్తు దాగితే మాటే మారుతుంది. శిఖరాన్ని తలకట్ల మీదికి రానివ్వకండి. వరసల మధ్య ఎడమూ ఇంగ్లిష్‌కి ఇచ్చినదానికంటే ఎక్కువే ఇవ్వాలి.

ప్రశ్న: స్క్రీన్‌పై మెరిసే సముద్రపు నీలం ప్రింట్‌లో ఎందుకు వెలిసిపోతోంది?

జవాబు: స్క్రీన్ వెలుగుతో రంగులు చూపుతుంది, ప్రెస్ నాలుగు సిరాలతో అద్దుతుంది. ఆ మెరిసే నీలాలు, పచ్చలు చాలావరకు సిరాలకు అందవు. మీ ప్రెస్ వాళ్ల ఐసీసీ ప్రొఫైల్ (వాళ్ల సిరా, కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) అడిగి తీసుకుని, ఫొటోషాప్‌లో ప్రూఫ్ సెటప్‌లో పెట్టి, కంట్రోల్-వై నొక్కండి. ప్రింట్‌లో రాబోయే రంగు దాదాపు అక్కడే కనిపిస్తుంది. చిన్న నల్ల అక్షరాలకు నాలుగు సిరాలూ కలపకుండా నలుపు ఒక్కటే వాడండి. లేకపోతే ప్లేట్లు కాస్త జరిగినా అంచుల్లో రంగు కనిపిస్తుంది. క్లయింట్‌కి వాట్సాప్‌లో జేపెగ్ పంపి ఓకే చేయించుకోవద్దు. ప్రెస్ నుంచి కలర్ ప్రూఫ్ (రంగుల నమూనా ప్రింటు) తీయించి దాని మీద సంతకం పెట్టించుకోండి.