మొదటి మీటింగు గుమ్మం దగ్గర

ప్రశ్న: నా వయసు 43. ఏళ్ల తరబడి ఉన్న తాగుడును డాక్టరు పర్యవేక్షణలో మానేసి 26 రోజులైంది. ఇక ఏదైనా సపోర్ట్ గ్రూపులో చేరమని ఆయన గట్టిగా చెప్పారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) పేరు విన్నాను గానీ, అక్కడ తెలిసినవాళ్లు ఎదురుపడతారేమోనని, నలుగురి ముందు నా కథంతా చెప్పమంటారేమోనని భయం. పైగా నాకు దేవుడి మీద నమ్మకం లేదు. పోయిన వారం ఒక మీటింగుకు బయలుదేరి, గేటు దగ్గరి నుంచే వెనక్కి వచ్చేశాను. తలచుకుంటే సిగ్గుగా ఉంది. నా భార్య నాతో రావచ్చా?

జవాబు: సిగ్గుపడకండి. ఏళ్లుగా మద్యానికి దూరంగా ఉన్నవారిని మొదటి మీటింగు గురించి అడిగితే, చాలామంది లోపలికి అడుగు పెట్టలేక బయట రోడ్డు మీద అటూ ఇటూ తిరిగిన సాయంత్రం గురించే ముందుగా చెబుతారు. ఈసారి వెళ్లినప్పుడు మీరు చేయవలసింది ఒక్కటే: లోపలికి వెళ్లి, ఆ గంటో గంటన్నరో కూర్చుని వినడం. మీ వంతు వచ్చినప్పుడు 'ఈ రోజుకు వింటాను' అంటే చాలు, ఎవరూ బలవంతం చేయరు. పేరు చెప్పాలనుకుంటే ఇంటిపేరు అక్కర్లేదు. ఎవరైనా వెళ్లగలిగే ఒక మీటింగులో నేను కూర్చున్నప్పుడు, టీ పోస్తున్న పెద్దాయన కొత్తగా వచ్చిన వ్యక్తికి మాత్రం కప్పు సగమే నింపి ఇచ్చారు. ఎందుకని తర్వాత అడిగితే, 'మొదట్లో నా చేతులూ అలాగే వణికేవి, నిండు కప్పు ఒలికిపోయేది' అన్నారు. మిమ్మల్ని ఎలా చూస్తారోనన్న బెంగ ఉంటే ఆ సగం కప్పును గుర్తుంచుకోండి.

తెలిసినవారు కనిపిస్తే వారూ మీలాగే అదే అవసరంతో వచ్చినవారై ఉంటారు. అక్కడ చూసినవారి పేర్లు, విన్న మాటలు బయటకు రాకూడదన్నది ఆ బృందాలు ప్రాణంగా చూసుకునే నియమం. అయినా సంకోచం తీరకపోతే, తాగుడు మానాలనుకునేవారిని మాత్రమే రానిచ్చే 'క్లోజ్డ్' మీటింగును ఎంచుకోండి. 'ఓపెన్' మీటింగుకు కుటుంబ సభ్యులు, ఇతరులు కూడా రావచ్చు. కనుక మీ భార్యతో కలిసి వెళ్లాలనుకుంటే ఓపెన్ మీటింగు ఏ రోజో ముందుగా కనుక్కోండి.

సాయం అడుక్కోవడానికి వెళ్తున్నానన్న భావన మీలో ఉన్నట్లు నాకు తోచింది. ఈ ఉద్యమం ఎలా పుట్టిందో చూస్తే అది నిలవదు. 1935లో బిల్ విల్సన్ అనే వ్యక్తి, తాగుడు మానేసి కొన్ని నెలలే అయిన రోజుల్లో, పని మీద అమెరికాలోని ఆక్రన్ నగరానికి వెళ్లి, ఆ పని చెడిపోయి, మళ్లీ తాగుతానేమోనని భయపడ్డాడు. తనలాంటి మరొకరితో మాట్లాడితే తప్ప నిలబడలేనని ఫోన్లు చేసి వెతికితే, తాగుడుతో సతమతమవుతున్న డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. అంటే ఆ కలయికలో సాయం అవసరమైనవాడు ముందుగా వెతుక్కుంటూ వెళ్లినవాడే. ఈనాటికీ కొత్తగా వచ్చినవారు పాతవారికి అంతే అవసరం.

దేవుడి విషయానికి వస్తే, తాగుడు నుంచి బయటపడడానికి ఏఏ సభ్యులు అనుసరించే 12 మెట్లలో ఆ మాట ఉన్నమాట నిజమే; అయితే ఎవరికి వారు అర్థం చేసుకున్న రీతిలో అన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది, సభ్యత్వానికి కావలసినది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ఫీజు లేదు. ఆ వాతావరణం ఎంతకూ మనసుకు పట్టకపోతే, ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే పద్ధతుల మీద నడిచే స్మార్ట్ రికవరీ వంటివి ఉన్నాయి. కానీ ఒక్క మీటింగుతో తీర్పు చెప్పవద్దని నా మనవి. ఒక్కో బృందానిది ఒక్కో స్వభావం. అయిదారు చోట్ల కూర్చున్నాకే నిర్ణయించుకోండి. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించి, ఆల్కహాలిక్స్ అనానిమస్ వైపు క్రమపద్ధతిలో నడిపించే చికిత్సలు పొందినవారిలో పూర్తిగా తాగకుండా నిలిచినవారు ఇతర చికిత్సల కన్నా ఎక్కువని తేల్చింది.

బృందాల వివరాలు ఏఏ అధికారిక వెబ్‌సైట్లలో ఉంటాయి, మీ డాక్టరును అడిగినా చెబుతారు. జాబితాలు పాతబడుతుంటాయి కనుక వెళ్లే ముందు ఫోన్ చేసి సమయం నిర్ధారించుకోండి. ఇదివరకు మీరు గ్లాసు పట్టుకునే వేళకే జరిగే మీటింగు దగ్గరలో ఉంటే, అంతకన్నా మంచిది వెతకనక్కర్లేదు. కదల్లేని రోజున ఆన్‌లైన్ మీటింగులున్నాయి. తిరిగి వచ్చేటప్పుడు ఒకరి ఫోన్ నంబరైనా తీసుకుని, మనసు లాగక ముందే, ఆ రాత్రే ఒకసారి మాట్లాడండి.

డాక్టరు ఇచ్చిన మందులను మాత్రం ఏ సభ్యుడో చెప్పాడని ఆపవద్దు. వైద్యుల పాత్ర పోషించవద్దని ఏఏ తన సభ్యులకు స్వయంగా చెబుతుంది. ఇది చదువుతూ, రోజూ బాగా తాగుతూ, రేపటి నుంచి ఒక్కసారిగా మానేద్దామనుకునేవారు ముందు డాక్టరును కలవాలి. అలా ఆపినప్పుడు మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతిభ్రమణం వచ్చే అవకాశం ఉంది, ప్రాణానికే ప్రమాదం కావచ్చు.

మీ భార్యకు విడిగా అల్-అనాన్ అనే బృందాలు ఉన్నాయి. 1951 నుంచి తాగేవారి కుటుంబ సభ్యుల కోసమే నడుస్తున్నాయి. మీరు గేటు దాటినా దాటకపోయినా ఆమె ఈ వారమే వెళ్లవచ్చు.