సౌత్ సైడ్ బీటుకి వెళ్లే ముందు

అమ్మలూ,

చికాగోలో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే సౌత్ సైడ్ వార్తలు రాసే బీటు నీకు ఇచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం. కానీ నల్లజాతి పేటల గురించి నల్లజాతి రిపోర్టరే రాస్తే పక్షపాతం వస్తుందని మీ ఆఫీసులో ఎవరో అన్నారని రాశావు చూడు, ఆ మాటకి మాత్రం ఊఁ కొట్టకు.

ఎమ్మెట్ టిల్ ది చికాగోనే. 1955లో మిసిసిపీకి చుట్టాలింటికి వెళ్తే పద్నాలుగేళ్ల ఆ పిల్లాణ్ణి చంపేశారు. సమ్నర్ ఊళ్లో విచారణ జరుగుతుంటే నల్లజాతి విలేకరులందరినీ కోర్టు హాల్లో విడిగా, ఓ పక్కన వేసిన పేకాట బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సిమియన్ బుకర్, జేమ్స్ హిక్స్ అక్కడే కూర్చుని రాశారు, రాయడంతో ఆగకుండా సాక్షుల్ని వెతకడానికీ సాయపడ్డారు. పొలాల్లో కూలీలు ప్రాణభయంతో నోరు విప్పని రోజులవి, వీళ్లని చూసి కాస్త ధైర్యం చేశారు. విల్లీ రీడ్ అనే 18 ఏళ్ల కుర్రాడు బోనెక్కి, కొట్టంలోంచి దెబ్బల చప్పుడు విన్నానని అందరి ముందూ చెప్పాడు, చెప్పినందుకు ఊరొదిలి చికాగో పారిపోవాల్సొచ్చింది. జ్యూరీలో అందరూ తెల్ల మగవాళ్లే, గంటా పది నిమిషాలు కూడా పట్టకుండా నిందితులు నిర్దోషులని తేల్చేశారు. ఆ సాక్ష్యం మాత్రం చెరిగిపోలేదు.

పక్షపాతం అంటావా, నల్లజాతి విలేకరి ఐడా బి. వెల్స్ ఏం చేసిందో చూడు. 1892లో మెంఫిస్‌లో తన స్నేహితుడు థామస్ మాస్‌నీ మరో ఇద్దరినీ మూక చంపేస్తే రాసింది, అందుకు ఆమె పత్రికాఫీసుని నాశనం చేశారు. అయినా ఆగలేదు, ఇలాంటి హత్యల లెక్కలన్నీ 1895లో పుస్తకంగా తెచ్చింది. ఆ లెక్కలు ఎక్కణ్ణుంచి తీసుకుందనుకున్నావు? తెల్లవాళ్ల పత్రిక చికాగో ట్రిబ్యూన్ వేసిన జాబితాల్లోంచే, ఎవరూ కాదనడానికి వీల్లేకుండా. ఆమెకి పులిట్జర్, అదే అమెరికాలో విలేకరులకిచ్చే పెద్ద గౌరవం, దక్కింది 2020లో, పోయిన ఎన్నో ఏళ్లకి!

నువ్వూ అలాగే కాగితాలు పట్టుకో: ఇళ్లు ఖాళీ చేయించే కేసులు, ఆస్తిపన్ను రికార్డులు, 1930ల్లో బ్యాంకు అప్పులకి పనికిరావని ఎర్రరంగు పూసిన పేటల మ్యాపులు. కాల్పులు జరిగినప్పుడే కెమెరా పట్టుకుని పరుగెత్తకు, స్కూల్ బోర్డు మీటింగుకీ వెళ్లు, ఊరికే కూర్చుని విను.

ఇంకో సంగతి, ఇది గట్టిగా చెబుతున్నా. నల్లజాతివాళ్ల పత్రిక చికాగో డిఫెండర్ 1905 నుంచి ఈ కథలు రాస్తూనే ఉంది, మీ ఆఫీసులో కూడా ఆ పేటల్లో పుట్టి పెరిగిన సీనియర్లు ఎవరైనా ఉండే ఉంటారు. స్టోరీ ఐడియా ఎడిటర్‌కి చెప్పే ముందు వాళ్లనడుగు. వాళ్లు అప్పటికే దాని మీద పనిచేస్తుంటే నువ్వు సాయం చెయ్యి, బైలైన్, అంటే కథనం మీద పేరు, వాళ్లదే ఉండనివ్వు.

మామయ్య