గోల చేసేది ఒకటి, చిక్కేది ఇంకొకటి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం పెరంబూరులో ఉంటాం. ఇంట్లో రెండు పిల్లులు. బుజ్జిగాడికి 3 ఏళ్లు. తిన్న 5 నిమిషాలకే గింజలు గింజలుగానే కక్కేస్తాడు. వారానికోసారైనా ఇది తప్పదు. నెలకోసారి గరగరమంటూ వెనక్కి వెనక్కి నడిచి వెంట్రుకల ఉండ కక్కుతాడు. ఆ చప్పుడుకు నాకు గుండె దడ. మావారేమో 'పిల్లులన్నాక కక్కుతాయి, ఊరుకో' అంటారు. 11 ఏళ్ల చిట్టి కూడా ఈమధ్య కక్కుతోంది కానీ ఆకలి బాగానే ఉంది, ఇదివరకటికంటే ఎక్కువే తింటోంది. బుజ్జికి ఏ మందు వేయమంటారు?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ఉత్తరం నిండా బుజ్జిగాడే ఉన్నాడు. చిట్టి ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. నాకు టెన్షన్ పెట్టింది ఆ ఒక్క వాక్యమే.

ముందు బుజ్జి సంగతి. ప్రస్తుతానికి వాడికి మందేమీ వద్దు. గింజలు అరక్కుండా అలాగే వస్తున్నాయంటే, చాలావరకు ఆత్రంగా మింగడం వల్లే. పక్కనే చిట్టి గిన్నె ఉంటే ఆ పోటీకి ఇంకా తొందరపడతాడు. ఇద్దరికీ వేరే గదుల్లో పెట్టండి. గిన్నె మానేసి పాత ఇడ్లీ రేకు గుంటల్లో గింజలు చల్లండి, ఒక్కో గుంట నాకుతూ నిదానంగా తింటాడు. రోజూ దువ్వితే ఉండలూ తగ్గుతాయి. రెండు మూడు వారాల్లో తేడా కనబడకపోతే వాడినీ చూపించాల్సిందే. ఆ గరగర ఫోన్లో వీడియో తీసి ఉంచండి. ఎంత సేపు చేసినా ఏమీ పడకపోతే అది వాంతి కాదు, దగ్గు కావచ్చు. పిల్లులకూ ఉబ్బసం వస్తుంది.

ఇక చిట్టి. దాన్ని చంకనేసుకుని తూకం మిషనెక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కి తేడా చూడండి. పాత టీకా కార్డులో బరువు రాసి ఉంటే పోల్చండి. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టే. వెన్ను మీద వేళ్లు పోనివ్వండి, పూసలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయా? 10 ఏళ్లు దాటిన పిల్లి బాగా తింటూ చిక్కిపోతుంటే, మధ్యమధ్య కక్కుతుంటే మేం ముందు అనుమానించేది థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడాన్ని. నీళ్లు ఎక్కువ తాగుతుంటే కిడ్నీలు కూడా చూడాలి. రెండూ రక్తపరీక్షలో బయటపడతాయి, థైరాయిడ్‌కు మాత్రలున్నాయి. మా ఇంటి ముసలిది రెండో గిన్నె అడిగినప్పుడు, డాక్టర్నై ఉండి నేనే 'పోన్లే, ఒళ్లు చేస్తుంది' అని మురిసిపోయాను. నడుం ఎముకలు తేలేదాకా బుర్రకెక్కలేదు. అందుకే మీరు ఈ వారంలోనే వెళ్లండి. వేపేరిలో మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు పెద్ద దూరమేం కాదు.

కొన్నిటికి మాత్రం వారం కాదు, తెల్లారేదాకా కూడా ఆగకూడదు. మగపిల్లి ట్రేలో ముక్కుతూ, చుక్క మూత్రం రాక, పైగా కక్కుతుంటే అర్ధరాత్రయినా ఆటో ఎక్కండి. తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, నెత్తురు పడినా అంతే. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మర్నాటికి వాయిదా వేయొద్దు, పస్తుంటే పిల్లికి కాలేయం దెబ్బతింటుంది. మన ఇళ్లలో ఇంకో ప్రమాదం పూలదండ. మల్లెలు వాడిపోయాక పిల్లి ఆ దారంతో ఆడి మింగుతుంది. నోట్లోంచో వెనకనుంచో దారం కొస కనిపిస్తే లాగొద్దు, పేగు కోసుకుపోతుంది. అలాగే వదిలేసి తీసుకురండి. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలను ఇంట్లోకే రానివ్వకండి, వాటి పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. దండల్లో కట్టే మన లిల్లీ, అదే నేలసంపెంగ, వేరే జాతి. ఒళ్లు కాలుతోందని పారాసెటమాల్ పెట్టేవాళ్లున్నారు. పిల్లికి అది విషం.

మీవారి మాట కొట్టిపారేయను, పిల్లులు కక్కుతాయి. చిట్టి ఎన్నిసార్లు కక్కుతోందో మీరు రాయలేదు. హాల్లో తేదీ కాగితాల క్యాలెండర్ ఉంటుందిగా, కక్కిన రోజు కాగితాన్ని చింపి పారేయకుండా దాచండి. డాక్టర్ దగ్గరికి ఆ కాగితాలు పట్టుకెళ్లండి. బుజ్జిగాణ్ణి ఇంట్లోనే ఉంచండి, వాడి వంతు తర్వాత.