ముందు గోడ చూడండి, ఆ తర్వాతే కారు

పర్లాకిమిడిలో నాది మోటార్ రివైండింగు షాపు. ముప్ఫై ఏళ్ళుగా బోరు మోటార్లు, పిండిమర మోటార్లు, ఫ్యాన్లు చుడుతున్నాను. బేరం ఒడియాలో, లెక్క తెలుగులో. మూడేళ్ళ కిందట ఒక చిన్న ఎలక్ట్రిక్ కారు కొన్నాను. పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడికి ఇచ్చిన జవాబులో ఆ ముక్క నోరు జారాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. మిక్సీలు, ఇన్వర్టర్ల గురించి అడిగినవాళ్ళు ఈసారికి మన్నించాలి.

ప్రశ్న: మేమిద్దరం టీచర్లం. ఆయన స్కూలు ఊరికి 21 కిలోమీటర్లు, నాది అదే దారిలో 14. ఇప్పుడు ఒకే స్కూటరు మీద వెళ్తున్నాం. వానాకాలం వస్తే పుస్తకాలు తడవకుండా చూసుకోవడానికే సరిపోతోంది. పది లక్షల లోపు పెట్రోలు కారు కొనాలా, ఎలక్ట్రిక్‌దా? నెలకోసారి టెక్కలిలో అత్తగారింటికి వెళ్ళిరావాలి. దారిలో ఆగిపోతుందని అందరూ భయపెడుతున్నారు.
– ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, కారు గురించి ఇంత వివరంగా రాశారు కానీ ఇంటి గురించి ఒక్క మాట రాయలేదు. సొంత ఇల్లేనా? రాత్రి కారు మీ గోడ పక్కనే నిలుస్తుందా? నిలుస్తుందనుకునే ఈ జవాబు రాస్తున్నాను.

ముందు ఆగిపోతుందన్న భయం సంగతి. మీరు రోజుకు తిరిగేది 42 కిలోమీటర్లు. 2022లో వచ్చిన టాటా వాళ్ళ చిన్న ఎలక్ట్రిక్ కారు టియాగో ఈవీనే తీసుకోండి. అందులో రెండు రకాలు: చిన్న బ్యాటరీ 19.2 కిలోవాట్ అవర్, పెద్దది 24. మీటరు భాషలో చెప్పాలంటే అన్ని యూనిట్లు. అప్పట్లో వాటికి చెప్పిన రేంజి, అంటే ఒకసారి నింపితే వెళ్ళే దూరం, 250, 315 కిలోమీటర్లు. అవి పరీక్షలో కొలిచిన అంకెలు. మన గోతులు, మన ఏసీ, వెనక సీట్లో మన చుట్టాలు ఆ పరీక్షలో ఉండరు. చిన్నదానికి 140, పెద్దదానికి 180 అని మనసులో రాసుకోండి. టెక్కలి పోను రాను వంద లోపే. ఇవాళ్టికి చిన్న బ్యాటరీ కూడా మీకు చాలు. కానీ బ్యాటరీ ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంది. ఏడెనిమిదేళ్ళయ్యాక టెక్కలి నుంచి తిరిగొచ్చేటప్పుడు మీ కళ్ళు రోడ్డు మీద కాక మీటరు మీద ఉంటాయి. డబ్బు కుదిరితే పెద్దదే తీసుకోండి.

ఇక గోడ. చిన్న కార్లతో వచ్చే ఛార్జరును మామూలు 15 ఆంపుల మూడు పిన్నుల ప్లగ్గులోనే పెట్టొచ్చు. అది 3.3 కిలోవాట్ల దాకా లాగుతుంది. గీజరూ ఇంచుమించు అంతే లాగుతుంది కదా అని మీ ఎలక్ట్రీషియన్ అంటాడు. గీజరు పావుగంట లాగి ఆగుతుంది. ఖాళీ బ్యాటరీతో వచ్చిన కారు ఎనిమిది గంటలు ఊపిరి తిప్పుకోకుండా లాగుతుంది. నా సంగతే చెబుతాను. ఊరందరికీ వైరింగు పాఠాలు చెప్పేవాణ్ణి, కారు వచ్చిన సంబరంలో వరండాలో ఉన్న పాత ప్లగ్గుకే తగిలించేశాను. ఆ పాయింటు నేను బిగించి పదిహేనేళ్ళు. నాలుగో రాత్రి మా ఆవిడ "ఏదో కమురు వాసన వస్తోంది, లెండి" అని లేపింది. వెళ్ళి చూస్తే సాకెట్టు నల్లబడింది, పిన్ను అందులో అతుక్కుపోయింది. లోపల స్క్రూ వదులు. వదులుగా ఉన్నచోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది. తప్పు పూర్తిగా నాదే. ఆ కథ మా ఆవిడ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది.

అంచేత మీటరు బోర్డు నుంచి కారు దగ్గరికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించండి. మధ్యలో అతుకులు వద్దు. దానికి వేరే ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే దానంతటదే పడిపోయే స్విచ్చి), 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే షాకు కొట్టకుండా ఆపేసే స్విచ్చి), ఖరీదైనా సరే మంచి సాకెట్టు పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాట తలపెట్టొద్దు.

ఎర్తింగు ఇంకా ముఖ్యం. మన పాత ఇళ్ళలో మూడో పిన్నుకు వైరు ఉంటుంది, ఆ వైరు మాత్రం ఎటూ పోదు. ఫ్యాను, టీవీ ఏమీ అనవు. కారు ఛార్జరు ఊరుకోదు, ఎర్తు సరిగా లేకపోతే ఎర్ర లైటు వెలిగించి మొండికేస్తుంది. ఒకసారి మే నెలలో మా ఇంట్లోనూ మొండికేసింది. చూస్తే ఎర్తు గొయ్యి ఎండి నెర్రెలిచ్చి ఉంది. రెండు బిందెల నీళ్ళు పోసి అరగంట ఆగాను, పచ్చ లైటు వచ్చింది. కొత్తగా తవ్వించేటట్టయితే ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేయించి, పైన నీళ్ళు పోసే గొట్టం మర్చిపోకుండా పెట్టించండి. కరెంటు బిల్లు మీద మీ ఇంటి లోడు ఎన్ని కిలోవాట్లని రాసి ఉందో కూడా చూడండి. ఒకటో రెండో ఉంటే పెంచమని దరఖాస్తు పెట్టండి. రాత్రి వోల్టేజి పడిపోతే ఛార్జింగు నెమ్మదిస్తుంది, అంతే. రోజువారీ 42 కిలోమీటర్లకు కావలసింది ఆరు యూనిట్లు, రెండు గంటల పని.

డబ్బు సంగతి. నెలకు మీరు తిరిగేది సుమారు 1,100 కిలోమీటర్లు. పెట్రోలు కారు లీటరుకు 16 ఇస్తుందనీ, లీటరు 102 రూపాయలనీ అనుకుంటే నెలకు ఏడు వేలు. ఎలక్ట్రిక్ కారు, ఛార్జింగులో పోయేది కూడా కలిపి, మీటరు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వెళ్తుంది. యూనిట్ ఆరు రూపాయల చొప్పున వెయ్యి రూపాయల లోపే. నెలకు ఆరు వేలు మిగులు. కొనేటప్పుడు పెట్రోలు కారు కంటే మూడు లక్షలు ఎక్కువ పెట్టారనుకుందాం, నాలుగేళ్ళు దాటాక అది తిరిగొస్తుంది. బ్యాటరీకి కంపెనీ వారంటీ ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఒక సంగతి మాత్రం దాచను. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్ కార్ల మీద 2019 నుంచి ఉన్నది 5 శాతమే, అందులో దిగేదేమీ లేకపోయింది. ధరల్లో తేడా అలా పెరిగింది. నెలకు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు ఇదే లెక్క వేస్తే పదేళ్ళు దాటినా పెట్టింది రాదు. వాళ్ళను పెట్రోలు కారే కొనుక్కోమంటాను. మీకు మాత్రం ఎలక్ట్రిక్కే.

ప్రశ్న: ఎంజీ వాళ్ళ చిన్న ఎలక్ట్రిక్ కారు కామెట్ చాలా ముద్దుగా ఉంది. బరంపురం సందుల్లో తిప్పడానికి కొనొచ్చా? ఇంట్లో అమ్మ, నేను, నా ఇద్దరు పిల్లలు.
– పాఠకురాలు, బరంపురం

జవాబు: సందులకు దాన్ని మించింది లేదు, పొడవు మూడు మీటర్లు కూడా లేదు. కానీ ఉన్నవి రెండే తలుపులు. వెనక్కి వెళ్ళాలంటే ముందు సీటు మడిచి దూరాలి. అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయలేదు. షోరూముకు ఆవిడను తీసుకెళ్ళి, వెనక సీట్లోకి ఒకసారి ఎక్కించి దింపండి. సామాను పెట్టుకునే చోటు కూడా దాదాపు లేదనే చెప్పాలి. ఇంకోటి, రోడ్డు పక్క స్టేషన్లలో త్వరగా నింపే డీసీ ఫాస్ట్ ఛార్జింగు దీనికి ఉండదు, అంచేత ఇది ఊళ్ళో బండి. శ్రీకాకుళం పెళ్ళికి వెళ్ళాలంటే రైలెక్కండి.

ప్రశ్న: నేను జయపురంలో ఉంటాను. ప్రతి శనివారం సాలూరు మీదుగా విజయనగరం వెళ్ళి ఆదివారం రాత్రికి వచ్చేస్తాను. ఘాటీలో చిన్న ఎలక్ట్రిక్ కారు ఎక్కుతుందా?
– మందుల వ్యాపారి, జయపురం

జవాబు: ఎక్కుతుందా అంటే, పెట్రోలు కారు కంటే సుఖంగా ఎక్కుతుంది. మోటారుకు మొదటి చుట్టు నుంచే పూర్తి బలం ఉంటుంది. గేర్లు మార్చే పని లేదు, సుంకి మలుపుల్లో లారీ వెనక ఆగి మళ్ళీ కదలాల్సి వచ్చినా క్లచ్చి కమురు వాసన ఉండదు. చూడాల్సింది ఖర్చు. సాలూరు మైదానంలో ఉంది, మీ దారిలో ఘాటీ పైనున్న కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. అంటే 750 మీటర్ల ఎక్కుడు. మనుషులతో కలిపి 1,400 కిలోల బండిని అంత ఎత్తుకు లేపడానికే, మోటారులో వృథా పోయేది కూడా కలిపి, మూడున్నర యూనిట్లు కావాలి. ముందుకు వెళ్ళే ఖర్చు దీనికి అదనం. 24 యూనిట్ల బ్యాటరీలో ఏడో వంతు ఎత్తుకే పోయిందన్నమాట.

దిగేటప్పుడు మోటారే జనరేటరై అందులో కొంత వెనక్కి ఇస్తుంది, బ్రేకు లైనింగు కూడా మిగులుతుంది. అయితే కోరాపుట్‌లో బ్యాటరీ నూటికి నూరు నింపుకుని దిగడం మొదలుపెట్టకండి. నిండిన కుండలో నీళ్ళు పట్టవు కదా, అప్పుడు భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది.

మీ ప్రయాణం ఒకవైపే నూట యాభై పైన. వెళ్ళేటప్పుడు ఎక్కువ దిగుడే కనుక చేరిపోతారు. తిరుగు ప్రయాణంలో ఎక్కుడు కలుపుకుంటే అంచుల దాకా వస్తుంది. ఆదివారం రాత్రి, వాన, ఘాటీ, ఎనిమిది శాతం ఛార్జీ – ఆ టెన్షన్ మీకెందుకు? ప్రతి వారం ఈ దారే అయితే 24 యూనిట్ల కారు మీకు పనికిరాదు. 35 యూనిట్ల బ్యాటరీతో 2024లో పంచ్ ఈవీ వచ్చింది, అలాంటిది చూడండి. లేదా ఇంకో రెండేళ్ళు ఇప్పుడున్న బండితోనే నడిపించండి.

ప్రశ్న: నా కారులో 70 శాతం ఛార్జీ ఉంది. పది రోజులు ఊరికెళ్ళి వస్తే ఏమీ పలకలేదు, లైటు కూడా వెలగలేదు. పెద్ద బ్యాటరీ పోయిందేమోనని మా వాళ్ళు లక్షల్లో లెక్కలు వేస్తున్నారు.
– పాఠకుడు, గుణుపురం

జవాబు: లెక్కలు ఆపమనండి. ఎలక్ట్రిక్ కారులో కూడా మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. తాళాలు, లైట్లు, కంప్యూటరు అన్నీ దాని మీదే నడుస్తాయి. అది పడుకుంటే పెద్దది నిండుగా ఉన్నా లాభం లేదు. ముందు దాన్ని పరీక్ష చేయించండి.

ప్రశ్న: రాయగడలో అద్దె ఇల్లు, రెండో అంతస్తు. కారు వీధిలో పెడతాను. పై నుంచి వైరు వేలాడదీస్తే ఛార్జింగు అవుతుందా?
– పాఠకుడు, రాయగడ

జవాబు: అవుతుంది. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి. వీధిలో పిల్లలుంటారు, పశువులుంటాయి, వాన పడుతుంది. ఇంటివాళ్ళు కింద పాయింటు, మీటరు పెట్టుకోనిస్తామని రాతపూర్వకంగా ఒప్పుకుంటే అప్పుడు మళ్ళీ రాయండి.

ప్రశ్న: తుఫాను వచ్చి వారం రోజులు కరెంటు లేకపోతే ఈ కారుతో ఏం చేసుకుంటారు?
– పాఠకుడు, కాశీనగర్

జవాబు: మీరు ఎగతాళిగా అడిగినా ప్రశ్న మంచిదే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు నాకు పెట్రోలు స్కూటరే ఉంది. స్తంభాలు పడిపోయాయి, బంకులో జనరేటరు పెట్టేదాకా పంపు తిరగలేదు, పెట్టాక మధ్యాహ్నమంతా వరసలో నిలబడ్డాను. పెట్రోలుకూ కరెంటు కావాలని ఆ రోజే తెలిసింది. నిండుగా ఉన్న కారు ఇంటి ముందుంటే ఊళ్ళో పనులకు, ఆసుపత్రికి నాలుగైదు రోజులు గడుస్తుంది. ఆ తర్వాత కష్టమే, కాదనను. నా బండి నుంచి ఇంటికి కరెంటు తీసుకునే వీలు కూడా లేదు.

నీళ్ళ సంగతి కూడా చెబుతాను. బ్యాటరీ పెట్టెకు ఐపీ67 అని రాసి ఉంటే, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా నీరు లోపలికి పోకూడదని అర్థం. మహేంద్రతనయ నది పొంగినప్పుడు కాజ్‌వే దాటించమని కాదు. కొట్టుకుపోవడానికి ఏ కారైనా ఒకటే.

తుఫాను హెచ్చరిక రేడియోలో వినగానే కొవ్వొత్తులు, బియ్యం, అగ్గిపెట్టెలు వెతుక్కుంటాం కదా, ఆ పూటే కారు ప్లగ్గు పెట్టేయండి. గాలి, మెరుపులు మొదలయ్యాక ప్లగ్గు తీసి, ఎంసీబీ కూడా కిందికి దించండి. కారును కొబ్బరిచెట్టు కింద నుంచి తీసి పెట్టండి.