నీళ్లలో గ్రీన్ కాలనీలు: రొయ్య ఎదగకపోవడానికి కారణం అవేనా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలం. ఎకరన్నర చెరువులో వనామీ రొయ్య వేసి 62 రోజులైంది. కౌంట్ (కిలోకు రొయ్యల సంఖ్య) 160 దగ్గరే ఆగిపోయింది. సైజు తేడా బాగా ఉంది. చెక్ ట్రేల (మేత తిన్నాయో లేదో చూసే పళ్లేల) దగ్గర తెల్లటి దారాలు తేలుతున్నాయి. మధ్యాహ్నం తూము దగ్గర వాటర్ బాటిల్లో నీళ్లు పట్టి మందుల షాపు ల్యాబ్‌లో ఇస్తే విబ్రియో బ్యాక్టీరియా కాలనీలు ఎల్లో 2400, గ్రీన్ 800 అన్నారు. రెండుసార్లు శానిటైజర్ కొట్టించారు. నాలుగు రోజులు తగ్గి, ఇప్పుడు గ్రీన్ 3000 చూపిస్తోంది. మేతలో యాంటీబయాటిక్ కలపమంటున్నారు. ఏది వాడాలి సార్?

జవాబు: ఏదీ వాడొద్దు. మీరు రాసిన లక్షణాలు చూస్తే నా అనుమానం ఈహెచ్‌పీ మీద. అది బ్యాక్టీరియా కాదు. రొయ్య లివర్ కణాల్లో చేరే మైక్రోస్పోరిడియా జాతి పరాన్నజీవి. రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. మీరు చూసిన తెల్ల దారాలు రొయ్య మలమే. ఆ తెల్ల మలంలో విబ్రియోకూ పాత్ర ఉంటుంది కానీ సైజు తేడా, ఆగిపోయిన కౌంట్ ఈహెచ్‌పీనే చూపిస్తున్నాయి. మీరు నీళ్లను పదిసార్లు పరీక్ష చేయించినా ఇది బయటపడదు. ల్యాబ్ వాళ్లు బ్యాక్టీరియా పెంచి చూసే ప్లేటు మీద అది పెరగదు మరి.

ఇక మీ రిపోర్టు సంగతి. ల్యాబ్‌లో వాడేది టీసీబీఎస్ అనే మీడియా, అంటే ప్లేటులో విబ్రియోను పెంచే పోషక పదార్థం. దాని మీద చక్కెరను పులియబెట్టే విబ్రియోలు ఎల్లోగా, పులియబెట్టలేనివి గ్రీన్‌గా కనిపిస్తాయి. (మన వైపు పచ్చ అంటే పసుపూ అవుతుంది, అందుకే గ్రీన్ అనే రాస్తున్నాను.) ఆ రంగు చక్కెర సంగతి చెబుతుందే తప్ప విషం సంగతి చెప్పదు. ఈఎంఎస్ (చిన్న వయసులోనే రొయ్యలు చచ్చే జబ్బు) తెచ్చే విబ్రియో పారాహీమోలిటికస్ గ్రీన్‌గా వస్తుంది, నిజమే. ఏ హానీ చేయని దాని చుట్టాలూ గ్రీన్‌గానే వస్తాయి. ఎల్లోలోనూ చెడ్డవి ఉన్నాయి. పిర్-ఎ, పిర్-బి అనే విషపు జన్యువులు ఉన్నాయో లేదో పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

800 అంటే దేనికి 800? 0.1 మిల్లీలీటరు నీళ్లు ప్లేటు మీద పరిచి 80 కాలనీలు లెక్కపెడితే మిల్లీలీటరుకు 800. అదే నీటిని ముందు పది రెట్లు పలుచన చేసి ఉంటే 8000. ఎంత పలుచన చేశారు, ఎంత పరిచారు, ఎన్ని గంటలకు చూశారు అనేది రిపోర్టు మీద రాయించుకోండి. రాయకపోతే ఆ కాగితానికి విలువ లేదు.

నీళ్లు పట్టిన పద్ధతి ఇంకా ఘోరం. ఎండలో వెచ్చబడిన బాటిల్లో విబ్రియో గంటల్లోనే ఎన్నో రెట్లు పెరుగుతుంది. ల్యాబ్‌లో లెక్కపెట్టింది మీ బాటిల్‌ను, చెరువును కాదు. ఈసారి ఉదయం పూట, స్టెరైల్ సీసాల్లో, నాలుగు మూలలా మధ్యలోనూ, పైనీరు వదిలి ఒక అడుగు లోతు నుంచి పట్టండి. ఐస్ బాక్సులో పెట్టండి. ఐసుకు నేరుగా తగలనివ్వకుండా కాగితం చుట్టండి, మరీ చల్లబడితే విబ్రియో ప్లేటు మీద సరిగా మొలవకపోవచ్చు. 6 గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. శానిటైజర్ కొట్టాక మూడు రోజుల దాకా నీళ్లు పట్టనే వద్దు.

ఉప్పునీటి చెరువులో విబ్రియో లేకుండా ఉండదు. శానిటైజర్ కొడితే పాచి, మంచి బ్యాక్టీరియా కూడా చస్తాయి. ఆ చచ్చిన సరుకు తిని అందరికంటే ముందు లేచేది విబ్రియోనే. మీ 800 కాస్తా 3000 కావడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది. మళ్లీ అదే షాపులో మళ్లీ అదే డబ్బా కొన్నారు. పరీక్ష ఉచితంగా చేసేవాడు బిల్లు ఎక్కడ రాబడతాడో తెలియదా అండీ? యాంటీబయాటిక్‌కు ఈహెచ్‌పీ లొంగదు. పైగా అవశేషాలు దొరికితే సరుకు ఎగుమతికి పనికిరాదు.

చేయాల్సింది ఇది. ఎదగని చిన్న రొయ్యలు 10 నుంచి 15 పట్టి, లివర్లు తీసి 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ఈహెచ్‌పీ పీసీఆర్‌కు పంపండి. సీసాలు ముందే ల్యాబ్‌ నుంచి తెచ్చుకోండి. విబ్రియో కూడా చూడాలంటే బతికున్న రొయ్యలు విడిగా తీసుకెళ్లాలి, ఆల్కహాల్‌లో వేసినవి కల్చర్‌కు పనికిరావు. రిపోర్టు వచ్చేలోగా మేత 30 శాతం తగ్గించండి, తెల్ల దారాలు ఆగేదాకా. తెల్లవారుజామున ఆక్సిజన్ 4 పీపీఎం కంటే తగ్గకుండా ఏరియేటర్లు ఆడించండి.

పాజిటివ్ వస్తే మందు లేదు, ఎవరు ఉందన్నా నమ్మొద్దు. వారానికి గ్రాము కూడా పెరగకపోతే పట్టుబడి చేసేయండి, మేత ఖర్చయినా మిగులుతుంది. తర్వాత చెరువు ఎండబెట్టి, కాల్చిన సున్నం (క్విక్ లైమ్) ఎకరాకు 2.4 టన్నుల లెక్కన, మీకు 3.6 టన్నులు, చల్లి 4, 5 అంగుళాల లోతు దున్ని తడపండి. మట్టి పీహెచ్ 12కు చేరిందో లేదో చూసుకోండి. ఇక్కడ పొదుపు చేస్తే మొత్తం వృథా. సీడ్ తెచ్చే ముందు 150 పిల్లలతో పీసీఆర్ చేయించండి, హ్యాచరీ కాగితంతో సరిపెట్టుకోవద్దు.

మీకు ఇంకో చెరువు ఉంటే చెక్ ట్రేలు, వలలు అటు తీసుకెళ్లొద్దు. ఈ చెరువు నీళ్లు పక్కవాళ్ల తోడే కాలువలోకి వదలొద్దు.