చోక్ తీస్తే ఆగిపోతోంది: ఇంజన్ సందేహాలకు జవాబులు

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. ఫిబ్రవరిలో మిరపకు చివరి మందు కొట్టి తైవాన్ స్ప్రేయర్‌ను (పెట్రోలుతో నడిచే మందు పంపును) కొట్టంలో పెట్టాను. ఇప్పుడు పత్తికి బయటికి తీస్తే చోక్ వేసి ఉంచినంతసేపే నడుస్తోంది. చోక్ తీసి రేస్ ఇస్తే రెండు దగ్గులు దగ్గి ఆగిపోతోంది. ప్లగ్ కొత్తది వేశాను. మెకానిక్ బోరు (పిస్టన్ ఆడే సిలిండర్), పిస్టన్ మార్చాలంటున్నాడు. అంతవరకు సగం చోక్ మీద నడుపుకోవచ్చా?

జవాబు: వద్దు. బోరుకు కూడా ఇప్పుడే డబ్బు పెట్టకండి. తాడు లాగినప్పుడు చేతికి గట్టిగా బిగువు తగులుతోందా? తగులుతుంటే బోరును అనుమానించే ముందు గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ చూడాలి. చోక్ గాలిని తగ్గిస్తుంది, పెట్రోలు పాలు పెరుగుతుంది. గాలి తగ్గిస్తేనే నడిచే ఇంజన్‌కు పెట్రోలు చాలడం లేదని అర్థం.

మీ టాంకులో ఐదు నెలల నాటి పెట్రోలు ఉంది. అందులో తేలిక భాగం ఆవిరై, మిగిలింది జిగురుగా మారుతుంది. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. ఆ జిగురూ తేమా కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే చిన్న ఇత్తడి ముక్క, అంటే జెట్‌లో కూర్చుంటాయి. జెట్ రంధ్రం వెంట్రుకంత సన్నం.

ముందుగా పంపును మంచినీళ్లతో కడగండి, మందు చేతికి అంటకూడదు. బీడీ, పొయ్యి దరిదాపుల్లో లేనిచోట కూర్చుని పాత పెట్రోలు మొత్తం వంపేయండి. టాంకులోని చిన్న ఫిల్టర్ నల్లబడితే మార్చండి. పెట్రోలు గొట్టాన్ని వంచి చూడండి, పగుళ్లుంటే అదీ మార్చాల్సిందే. తర్వాత కార్బురేటర్ అడుగున ఉండే చిన్న గిన్నె విప్పండి. లోపల తెల్లటి పొడో పచ్చటి జిగురో కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇత్తడి జెట్‌ను విప్పి కార్బురేటర్ క్లీనర్‌తో కడిగి, గాలి ఊది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. గుండ్రని చుక్క స్పష్టంగా కనిపించాలి. సూదితో మాత్రం పొడవకండి. ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్ పనికిరాదు.

సగం చోక్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. ఇది టూ స్ట్రోక్ ఇంజన్, పిస్టన్‌కు ఆయిల్ పెట్రోలుతో కలిసే అందుతుంది. సగం చోక్ వేసినా, రేస్ పెంచేసరికి మూసుకుపోయిన జెట్ చాలినంత పెట్రోలు ఇవ్వలేదు, కాబట్టి ఆయిల్ కూడా అందదు. పోయినేడు ఒక కౌలు రైతు ఇలాగే రెండు రోజులు కొట్టాడు, మూడో రోజు పిస్టన్ పట్టేసింది. విప్పి చూస్తే బోరు నిండా గీతలు. అప్పు తెచ్చి కొన్న యంత్రం అది. ఆ గీతలు ఇప్పటికీ నా కళ్లలో ఉన్నాయి.

కొత్త పెట్రోలులో ఆయిల్ కలిపేటప్పుడు రంగు చూసి కాకుండా కొలిచి పోయండి. మీ ఇంజన్ పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20. వచ్చే ఫిబ్రవరిలో మూల పెట్టే ముందు టాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపించండి.

ప్రశ్న: కోనసీమలో మా కొబ్బరితోటలో గడ్డి కోయడానికి బ్రష్ కట్టర్ వాడుతున్నాం. ట్రిగ్గర్ వదిలినా రేస్ తగ్గడం లేదు, బ్లేడు తిరుగుతూనే ఉంటోంది. కొద్దిరోజులు ఇలా వాడవచ్చా?

జవాబు: ఈరోజే ఆపండి. ట్రిగ్గర్ వదిలితే బ్లేడు ఆగి తీరాలి. ఇంజన్ ఆపి, గాలి ఫిల్టర్ మూత తీసి, ట్రిగ్గర్ నొక్కి వదులుతూ కార్బురేటర్ మీది మీటను చూడండి. మీట పూర్తిగా వెనక్కి రాకపోతే తప్పు కేబుల్‌దే. బురద పట్టి ఉంటుంది, లేదా మరీ బిగుసుకుపోయి ఉంటుంది. మీట సరిగ్గా వస్తున్నా రేస్ తగ్గకపోతే ఐడిల్ స్క్రూ (ట్రిగ్గర్ వదిలినప్పటి వేగాన్ని సరిచేసే మర) కాస్త వదులు చేయండి. అప్పటికీ తగ్గకుంటే కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య గాస్కెట్ నుంచి గాలి దూరుతోందేమో మెకానిక్‌తో చూపించండి. అది సరయ్యేదాకా ఆ యంత్రాన్ని కూలివాళ్ల చేతికి ఇవ్వకండి.