తండ్రి పోయి రెండేళ్లు.. బాబుకి మళ్లీ ఈ ఏడుపేంటి?

ప్రశ్న: మా ఆయన గుండెపోటుతో పోయి రెండేళ్లయింది. బాబు పదో తరగతి. మొదటి ఏడాది గడిచాక కుదుటపడ్డాడు. మొన్న రొట్టెల పండక్కి నెల్లూరు తీసుకెళ్లాను. ఏటా వాళ్ల నాన్నే దగ్గరుండి, చదువు బాగా రావాలని కోరుకుంటూ పట్టే విద్యా రొట్టె పట్టించేవారు. ఈసారి స్వర్ణాల చెరువులో దిగి రొట్టె పట్టుకోగానే భోరుమన్నాడు. అప్పట్నుంచీ ముభావం, మాట్లాడితే విసుగు. మళ్లీ మొదటికొచ్చిందేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, కావలి

జవాబు: మొదటికి రాలేదమ్మా. పదమూడేళ్లప్పుడు బాబుకి తెలిసింది నాన్న ఇక రారని. ఇప్పుడు పదిహేనేళ్లకు తెలుస్తున్నది వేరు, పది పాసైతే మార్కులు చూపించడానికి ఆయన లేరు, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో అడగడానికి లేరు. వయసు పెరిగేకొద్దీ పిల్లలకు అదే లోటు కొత్తగా అర్థమవుతుంది, అందుకే తద్దినం, పండగ, పరీక్ష, ఒక్కోసారి నాన్న బండి శబ్దం లాంటిది వినపడినా చాలు, దుఃఖం తన్నుకొస్తుంది. గంట తర్వాత ఫ్రెండ్స్‌తో క్రికెట్ ఆడుతూ కనిపిస్తే బాధ లేదనుకోకండి, ఈ వయసులో అలాగే వచ్చిపోతూ ఉంటుంది. విసుగు కూడా చాలాసార్లు ఆ బాధే.

ఒక్కమాట గట్టిగా చెబుతాను. "ఇంటికి మగదిక్కువి నువ్వే, ఏడవకూడదు" అని బంధువులెవరైనా అంటే అక్కడే ఆపండి, ఆ బరువు పదిహేనేళ్ల పిల్లాడిది కాదు. మీరూ వంటింట్లో చాటుగా ఏడవక్కర్లేదు. "నాకూ ఇవాళ నాన్న గుర్తొచ్చారురా" అని అన్నం పెడుతూ అనండి, బదులు రాకపోయినా సరే. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు, బండి మీద పక్కూరు వెళ్తున్నప్పుడైతే వాళ్లే నోరు విప్పుతారు. క్లాస్ టీచర్‌కి కూడా విషయం చెప్పి ఉంచండి.

ఇవి మాత్రం ఆలస్యం చేయొద్దు: దాదాపు రోజూ అదే ధ్యాసగా నెలల తరబడి ఉండటం, నిద్ర, తిండి, బడి దెబ్బతినడం, మందు, సిగరెట్ అలవాటవడం. నెల్లూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్‌కి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. "నాన్న దగ్గరికే పోతా" లాంటి మాట వింటే ఒంటరిగా వదలకండి, అదే రోజు తీసుకెళ్లండి.

కోరిక తీరాక రొట్టె తిరిగి వదలాలి కదా, వచ్చే ఏడు పండక్కి అందుకు వెళ్దామా అని నెల ముందే అడగండి. వద్దంటే బలవంతపెట్టకండి.